కోడి చల్లారిపోయింది, తీసుకుపో!

ఆర్డెలియా ప్రాట్ భోజనం లేని నాటకంలో వేషం వెయ్యదు. న్యూయార్కులో నాటకాలు రాసే ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. కథ చెప్పడానికి వెళ్ళినవాడు ఇంకా గొంతు సవరించుకుంటుండగానే ఆవిడ అడిగే ప్రశ్న ఒక్కటే: "తినేది ఏ అంకంలో?"

పాపం, ఒకాయన ఓడ మునిగి తెప్ప మీద కొట్టుకుపోయేవాళ్ళ కథ రాసుకొచ్చాడు. "తెప్ప మీద భోజనం ఎలా వస్తుంది మేడమ్?" అన్నాడు ఏడుపు మొహంతో. "చుట్టూ సముద్రమే కదయ్యా! చేపలకి కరువా?" అంది ఆవిడ. రెండో అంకంలో తెప్ప మీద వేయించిన చేపలు ప్రత్యక్షమయ్యాయి. పొయ్యి ఎక్కడిదని అడిగిన ప్రేక్షకుడు ఒక్కడూ లేడు.

మరో నాటకంలో ఆవిడ తల తీసే శిక్ష పడ్డ రాణి. "చంపేముందు ఆడమనిషికి ఇంత భోజనం పెట్టరా? ఇదేం రాజ్యం?" అని రచయితని నిలదీసింది. భోజనం రాయించుకుంది. అంతటితో ఆగక, కాపలా భటుల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకుంది. "కత్తి మెడ మీద పడేదాకా రాణిగారి దవడ ఆగలేదు" అని మర్నాడు పత్రికలో పడింది.

మధ్యలో కొన్నాళ్ళు సినిమాలకి వెళ్ళినా బుద్ధి మారలేదు. విందు దృశ్యం తీస్తుంటే, "నేను సరిగ్గా చెయ్యలేదు, మళ్ళీ తీద్దాం" అనేది. మళ్ళీ తియ్యడమంటే మళ్ళీ వేడివేడిగా వడ్డించడం. బల్ల చుట్టూ కూర్చున్న చిన్న వేషగాళ్ళు సాయంత్రానికి బెల్టులు వదులు చేసుకునేవాళ్ళు. దర్శకుడు మాత్రం జుట్టు పీక్కునేవాడు.

ఇక నా సంగతి. నా పేరు ఎల్మర్ నట్సన్. మీరు నన్ను చూసి ఉండరు. చూసినా వీపే చూసి ఉంటారు. నేను వేసిన నాటకాలన్నిట్లో దర్శకులు నన్ను ప్రేక్షకులకి వీపు పెట్టి నిలబెట్టేవాళ్ళు. నా వీపులో మంచి భావం పలుకుతుందని నాకు నేను చెప్పుకునేవాణ్ణి.

అవి బ్యాంకులు మూతపడి, ఉద్యోగాలు పోయి, ఉచిత సూపు కోసం జనం వీధి చివరిదాకా వరస కట్టిన రోజులు. ఆ వరసలో నేను నిలబడేవాణ్ణి కాదు. కళాకారుణ్ణి కదా! ఫలహారశాలలో వేడినీళ్ళు ఊరికే ఇచ్చేవాళ్ళు. బల్ల మీద టమాటా సాసు సీసా ఊరికే ఉండేది. రెండూ కలుపుకుని తాగి, మూతి తుడుచుకుని, "ఇవాళ సూపు బాగుంది" అనుకుంటూ హుందాగా బయటికి వచ్చేవాణ్ణి.

అలాంటి రోజుల్లో మిస్ ప్రాట్ కొత్త నాటకంలో విందుకి అతిథులు కావాలని తెలిసి వెళ్ళాను. నాకన్నా ముందు మంచి గొంతున్నవాళ్ళు, ఆరడుగుల అందగాళ్ళు చాలామంది ఉన్నారు. నా వంతు రాగానే చనిపోతున్న రాజు మాటలు అందుకున్నాను. రాజు ఇంకా మంచం కూడా ఎక్కలేదు, మిస్ ప్రాట్ నన్ను ఎగాదిగా చూసి చెయ్యెత్తింది.

"చాలు! ఈ అబ్బాయి నా పక్క కుర్చీలో కూర్చుంటాడు."

అందగాళ్ళందర్నీ పంపేసి నాలాంటి మరో నలుగుర్ని ఏరుకుంది. ప్రతిభని పట్టే కన్నంటే ఇదీ అనుకున్నాను.

నాటకంలో ఆవిడ ఓ ఓడ యజమాని భార్య. మేం అతిథులం. నాకు ఒకే ఒక్క మాట: "ఓడ వెళ్ళిపోయిందండీ." గ్లాసుల్లో సారా పేరుతో పోసేది చల్లారిన టీయే గాని, భోజనం మాత్రం నిఖార్సయినది. కాల్చిన కోడి, వేయించిన బంగాళాదుంపలు, వెన్న రాసిన రొట్టె. నాకు రోజు మొత్తానికి తిండి అదే.

పనిమనిషి వేషం వేసే అమ్మాయి కోడిని తెచ్చి పెట్టగానే మిస్ ప్రాట్ ఓ ముక్క కోసి, నోటి దాకా తీసుకెళ్ళి, మొహం చిట్లించేది. "కోడి చల్లారిపోయింది, తీసుకుపో! ఇంకోటి పట్రా!" కోడి మీద ఆవిర్లు ముందు వరసలవాళ్ళకి కూడా కనిపిస్తుండేవి. జనం పడీ పడీ నవ్వేవాళ్ళు. తెర పక్కకి వెళ్ళిన ఆ మొదటి కోడి, తాళ్ళు లాగేవాళ్ళ చేతుల్లో రెండు నిమిషాల్లో ఎముకల గూడయ్యేది.

ఓ రోజు నా మాట చెప్పాల్సిన వేళకి నా నోటి నిండా బంగాళాదుంప ఉంది. మింగబోతే అడ్డం పడింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. నా ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. మిస్ ప్రాట్ నా భుజం మీద చెయ్యి వేసి, "చెప్పకు. నీ కళ్ళే చెబుతున్నాయి. ఓడ వెళ్ళిపోయింది!" అంది. చప్పట్లు మోగిపోయాయి. "అతిథి పాత్రధారి మౌన వేదన అద్భుతం" అని మర్నాడు పత్రిక రాసింది. దాంతో నాకున్న ఆ ఒక్క మాటా తీసేశారు.

ఇంతలో నాటకం పెట్టించే లూబిన్‌గారికి కోళ్ళ ఖర్చు తగ్గించాలని ఓ ఆలోచన వచ్చింది. ఓ సాయంత్రం తెర లేవబోయే ముందు బల్ల మీద అట్టతో చేసిన కోడిని పెట్టించాడు.

"చూడు ఆర్డెలియా, ఎంత ముద్దొస్తోందో! వార్నీషు కూడా కొట్టించాను."

"నువ్వు తిను లూబిన్. బాగుందంటే నేనూ తింటాను."

"జనం నిన్ను చూడ్డానికి వస్తారు తల్లీ, కోడిని కాదు!"

"అయితే తెర ఎత్తకు. నేను చీకట్లోనే బాగుంటాను" అని చేతులు కట్టుకుని కూర్చుంది.

బయట జనం కాళ్ళతో నేల దంచుతున్నారు. అతిథులం అయిదుగురం ఆ కోడి వంక చూస్తూ కూర్చున్నాం. అంత భయంకరమైన విలన్‌ని నేనెక్కడా చూడలేదు. దాని పక్కన బంగాళాదుంపలు కూడా అట్టవే. ఆవిడ మెత్తబడితే రేపటినుంచి మళ్ళీ నాకు టమాటా సాసే గతి. ఆవిడ మెత్తబడలేదు. చివరికి లూబిన్‌గారే సూటుబూటుతో పక్క హోటలుకి పరిగెత్తి, కాల్చిన కోడిని చంకన పెట్టుకుని వచ్చాడు.

మర్నాడు పత్రికలో ఆవిడ రెండు చేతుల్లో రెండు కోడికాళ్ళు పట్టుకున్నట్టు బొమ్మ వేశారు. కింద "కళ కన్నా కోడి మిన్న" అని రాశారు. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను, అదీ ఆవిడ పెట్టించిన కోడి అరగకముందే.

వసంతం వచ్చేసరికి ఆవిడ నన్ను పిలిచింది.

"ఎల్మర్, లావయ్యావు. నా పక్కన ఇంతింత బుగ్గలవాడు కూర్చుంటే జనం నన్నేం చూస్తారు? పక్క వీధి థియేటర్లో నీకో వేషం మాట్లాడాను. సోమవారం వెళ్ళు. బోలెడన్ని మాటలున్నాయి. భోజనం మాత్రం లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ బట్టలు చూసే హెట్టీ దగ్గరికి వెళ్ళి విరుచుకుపడ్డాను. "తను రోజూ కోడిని మింగుతూ నన్ను లావంటుందా?"

హెట్టీ నోట్లోంచి గుండుసూది తీసింది. "ఆవిడ కోడి తినడం నువ్వు చూశావా నాయనా?"

"రోజూ పక్కనే కూర్చుంటా కదా!"

"కూర్చున్నావు సరే. చూశావా?"

ఆలోచించాను. నేను చూసింది నా పళ్ళెం. ఇన్ని నెలలూ నేను చూసింది నా పళ్ళెం ఒక్కటే.

"ఆవిడకి కడుపులో పుండు. ఏళ్ళయింది, ఓట్స్ జావ తప్ప ఏదీ పడదు. వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగే కంపెనీలో, అట్ట కోడి ముందు ఆకలికి కళ్ళు తిరిగి పడిపోయిందట. మరి ఆవిడ పళ్ళెంలోవన్నీ ఎటు పోయాయనుకున్నావ్?"

నా పళ్ళెంలో బంగాళాదుంపలు ఎంత తిన్నా తరిగేవి కావు. వడ్డించే అమ్మాయికి నా నటనంటే అభిమానం కాబోలనుకున్నాను!

తిన్నగా మిస్ ప్రాట్ గదిలోకి వెళ్ళాను. అద్దం ముందు కూర్చుని జావ తాగుతోంది. నన్ను చూడగానే గిన్నె దాచబోయింది.

"అందరూ మిమ్మల్ని తిండిపోతంటుంటే నోరు మెదపరేం మేడమ్?"

"సూపు వరసలో నిలబడమంటే నువ్వు నిలబడ్డావా? నటులు పొగరుబోతులోయ్. దానమంటే చచ్చినా ముట్టరు, వేషమంటే బల్లని కూడా నమిలేస్తారు. నోరు మూసుకుని వెళ్ళు."

గుమ్మం దాకా వెళ్ళి ఆగాను. అయినా నా బుద్ధి ఊరుకోదు కదా.

"మరి ఆ రోజు... నా నటన చూసి కాదా మీరు నన్ను తీసుకున్నది?"

"నీ నటనా! నువ్వేం చెప్పావో కూడా నాకు గుర్తులేదు. నీ మెడకీ చొక్కా కాలరుకీ మధ్య నా పిడికిలి పట్టేది." తర్వాత జాలిపడిందేమో, "ఆ బంగాళాదుంప రోజు మాత్రం బాగా చేశావ్" అంది.

బయటికి వస్తుంటే మెట్ల మీద నా బదులు వచ్చిన కుర్రాడు ఎదురయ్యాడు. కోటు హ్యాంగరుకి తగిలించినట్టు వేలాడుతోంది. కాలరులోంచి మెడ కొంగలా పైకి లేచింది. నన్ను ఆపి ఛాతీ విరుచుకున్నాడు.

"అంతమంది అందగాళ్ళని కాదని మిస్ ప్రాట్ నన్నే ఏరుకుందండీ. రెండు ముక్కలు చెప్పానో లేదో, నా నటన చూసి 'చాలు' అనేసింది!"

వాడి కాలరు వైపు చూశాను. రెండు పిడికిళ్ళు పడతాయి.

"నీలాంటి నటుణ్ణి ఆవిడ ఇంతవరకు చూసి ఉండదు తమ్ముడూ" అన్నాను మనస్ఫూర్తిగా. "పద పద, కోడి చల్లారిపోతుంది."