అమాస నాటి సంతకం

మా నాయినకు ఫుట్‌బాల్ అంటే ఏందో తెల్వది గాని, ముద్దతు అంటే, ఇచ్చిన గడువంటే బాగ తెలుసు. రాయచూరు వడ్ల గంజ్ పక్కన గోనె సంచులు, సుత్లి దారం, తాటిపత్రీలనే టార్పాలిన్లు అమ్మే దుకాణం మాది. కింద దుకాణం, మీద ఇల్లు. పోతనాళ దిక్కు వరికోతలు మొదలైతే సంచులకు జనం వస్తరు. దేవదుర్గ దిక్కునుంచి బెంగళూరుకు పనికి పోయేటోళ్ళు డేరాలు వేసుకునేందుకు తాటిపత్రీలు కొనుక్కపోతరు. ఎవరికి ఏ దినం మాలు ఇస్తనన్నడో ఆ దినమే ఇచ్చే మనిషి మా నాయిన. అసొంటి మనిషి చేతుల్నే మా తమ్ముని ఆట ముద్దతు దాటి ఖలాస్ అయ్యింది.

మొన్న మొన్న నేను ఫుట్‌బాల్ ఏజెంటు లైసెన్సు పరీక్షకు చదువుడు మొదలువెట్టినప్పుడు ఇంట్ల అందరు వింతగ చూసిన్రు. లా చదివి కోర్టు మొఖం చూడకుండ దుకాణంల కూసున్నదానివి, ఇదేం పిచ్చి అని అమ్మ అన్నది. నా జిద్దు ఆమెకు తెల్వంది కాదు. మా ఊరి స్టేడియంల ఆడే పిల్లలకు క్లబ్బులనుంచి ఇంగ్లీషు కాగితాలు వస్తుంటయి. ఏముందో తెల్వకుండనే సంతకం పెడ్తరు, తర్వాత తల పట్టుకుంటరు. వాళ్ళకోసం చదువుతున్న అని చెప్పిన. అది సగం నిజం. మిగిలిన సగం మా తమ్ముడు.

మా నాయిన మాత్రం నవ్విండు. ఏజెంటంటే ఏం చేస్తడు అని అడిగిండు. ఆటగాని దిక్కునుంచి క్లబ్బుతోటి మాట్లాడి ఒప్పందం కుదురుస్తడు అని చెప్పిన. అయితే దలాలే గదా, వడ్లకు బదులు మనుషులు, అన్నడు. ఒక్క ఒప్పందంల అమ్మేటోని దిక్కు, కొనేటోని దిక్కు రెండు దిక్కుల నిలబడొద్దని రూలు ఉన్నదని చెప్తే ఇంకా నవ్విండు. గంజ్‌ల ఆ రూలు పెడితే తెల్లారేసరికి సగం దలాలీ దుకాణాలకు తాళం పడ్తది అన్నడు. ఆ నవ్వు చూసి నాకు గూడ నవ్వొచ్చింది. మా ఇంట్ల ఫుట్‌బాల్ పేరు మీద నవ్వు వినబడి చాన ఏండ్లయింది.

కొన్నేండ్ల కిందటి సంగతి, మా తమ్మునికి అప్పుడు పద్దెనిమిది నిండలే. బెంగళూరుల ఒక క్లబ్బు పిల్లల జట్టుకు ఆడుతుండె. ఇంట్ల వాని మాట ఎత్తితే అమ్మ మొఖం వెలిగిపోయేది. ఒక మ్యాచ్‌ల లొల్లి అయ్యింది. వీడు తన దోస్తును పక్కకు గుంజబోయిండు, ఆ గుంపుల ఎవని చెయ్యో రెఫరీకి తగిలింది, వీనికి ఎర్ర కార్డు పడ్డది. రెఫరీని కొట్టిండని రిపోర్టు పోయింది. ఆటల అది చిన్న నేరం కాదు. క్రమశిక్షణ కమిటీ వీన్ని ఏడాది దాటేదాక ఆడొద్దన్నది. అప్పీలు చేసుకోవాలంటే మూడు దినాల ముద్దతు ఇచ్చిన్రు.

వీడు కొట్టలేదని వీడియో ఉండె. చూసేటోళ్ళ గ్యాలరీల కూసున్న ఒక దోస్తు ఫోన్ల తీసిండు. రెఫరీకి తగిలిన చెయ్యి వేరేవాళ్ళదని కండ్లకు కట్టినట్టు కనబడ్తది. ఆ వీడియో సంపాదించి, కోచ్‌తోటి అప్పీలు రాయించుకొని తమ్ముడు ఇంటికి వచ్చేసరికి మూడో దినమయ్యింది. మైనరు గాబట్టి తండ్రి సంతకం కావాలె. సంతకం పడ్డంక ఫోటో తీసి మెయిల్ చేస్తే అయిపోతది.

ఆ దినం అమాస.

మా దిక్కు అమాస నాడు గంజ్ బంద్. దుకాణాల షట్టర్లు లెవ్వయి, తరాజులు కట్టరు, ఒక్క చీటీ రాయరు. మా తాతల కాలంనుంచి అంతే. నాయిన కాగితం అటు ఇటు తిప్పి చూసిండు. పిల్లగాని జీవితానికి సంబంధించిన కాగితం, అమాస నాడు దీని మీద చెయ్యి పెట్టను, తెల్లారంగనే చేస్త అన్నడు. నేను లొల్లి పెట్టిన. నోటికొచ్చినట్టు అన్న. తమ్ముడు కాళ్ళు పట్టుకున్నడు. నాయిన కదల్లే. ఏదన్న చిన్న పనైతే చేస్తుండెనేమో. పెద్ద పని గాబట్టే ఆగిండు, వాని మీద పాణం గాబట్టే ఆగిండు.

తెల్లారి పొద్దుగాల తానం చేసి, దీపం పెట్టి, పెన్నుకు కుంకుమ బొట్టు పెట్టి సంతకం చేసిండు. కాగితం తమ్ముని చేతిల పెట్టి తల మీద చెయ్యి వేసిండు. కొన్ని దినాలకు జవాబొచ్చింది. ముద్దతు దాటింది గాబట్టి అప్పీలు చూసేది లేదని రెండు ముక్కల్ల రాసిన్రు. వీడియో ఎవ్వడు తెరిచి చూడనే లేదు. వీని జాగల క్లబ్బు ఇంకొకన్ని తీసుకున్నది. నిషేధం అయిపోయినంక వీన్ని పిలిచినోడు లేడు.

ఇప్పుడు తమ్ముడు గూడ్స్ ఆటో నడుపుతడు. అదే ఇంట్ల ఉంటడు, గాని నాయినతోటి మాట్లాడడు. తిన్నడా అని నాయిన అమ్మను అడుగుతడు, తిన్న అని వాడు అమ్మకు చెప్తడు. ఇంట్లకు పక్క మెట్లనుంచి వస్తడు, దుకాణంల కాలు పెట్టడు. నాయినకు ఒక్కటే ధైర్యం ఉండె. ఒక్క దినానికి ఎవడన్న అప్పీలు కొట్టేస్తడా, అక్కడ మనకు మనిషి లేడు గనుక కొట్టేసిన్రు, మొదటి దినం పంపినా గంతే అయ్యేది అని అనుకుంట ఇన్నేండ్లు గడిపిండు. నేను గూడ ఆ మాట కదిలియ్యలే.

ఒక మధ్యాహ్నం గిరాకీ లేకుండె. నేను గల్లా కాడ కూసొని క్రమశిక్షణ రూల్స్ చదువుతున్న. పుస్తకం ముంగట పెట్టుకొని రాసే పరీక్షే, గాని ఏది ఎక్కడున్నదో తెల్వకుంటే పుస్తకం ఉండి ఏం లాభం. నాయిన సంచులు మడత పెట్టుకుంట, ఏం చదువుతున్నవో తెలుగుల చెప్పు బిడ్డా, నేను గూడ వింట అన్నడు. చెప్పుకుంట పోయిన. ముద్దతు ఎట్ల లెక్కపెట్టాలె అన్న కాడికి వచ్చినంక గూడ ఆగలే, అదే ధ్యాసల చదివిన. ఆఖరి దినం రజా, సెలవు దినమైతే, దాని తర్వాత పని దినం దాక ముద్దతు ఉంటది అని చెప్పిన.

సంచి మడిచే చెయ్యి ఆగింది.

"ఇంకోసారి చెప్పు" అన్నడు.

చెప్పిన. లేచి నిలబడ్డడు. మొఖం వెలిగింది, అట్ల వెలుగుడు నేను ఎన్నడో చూసిన. గంజ్ అంత బంద్ ఉండె గదా ఆ దినం, అందరికి రజానే గదా, అంటే మనం లెక్కలనే ఉన్నట్టు గదా అని గబగబ మాట్లాడబట్టిండు. తప్పు వాళ్ళదే, నేను చేసింది కాదు, వానికి ఫోన్ చెయ్యి, ఇప్పుడే చెయ్యి అన్నడు. ఫోన్ నా ముంగటనే ఉన్నది.

అట్లనే అనుకోనిద్దామా అనిపించింది, దేవుని సాక్షిగ అనిపించింది. గాని ఫోన్ చేసినంక తమ్ముడు అడిగే మొదటి మాట ఏందో నాకు తెలుసు. ఉన్న నిజం వాని నోటినుంచి వినుడు కంటే నా నోటినుంచి వినుడు నయం అనుకున్న.

"సర్కారు రజా అయితేనే నాయినా. అమాస సర్కారు రజా కాదు. ఆ దినం వాళ్ళ ఆఫీసు తెరిచే ఉండె."

నాయిన మెల్లగ అడిగిండు, "మనం పంపితే తీసుకునేటోడు అక్కడ కూసోనే ఉండెనా?"

"ఉండె" అన్న.

గోనె కట్ట మీద కూసొని, మడిచిన సంచినే విప్పి మళ్ళ మడిచిండు. ఎన్ని ఏండ్లనుంచో నాయిన మీద పట్టుకొని ఉన్న కోపం నాలో అప్పుడు ఎక్కడ వెతికినా దొరకలే. ఏడుపు మాత్రం వచ్చింది. మీదికి పోయి ఏడ్చిన.

పరీక్ష అమాస నాడు పడ్డది. ఆన్‌లైన్ పరీక్ష, ఇంట్లనే కంప్యూటర్ ముంగట కూసొని రాయాలె, నడుమల లేవొద్దు. నాయినకు దినం సంగతి నేను చెప్పలే. క్యాలెండర్ ఆయన కూసునే గద్ది పక్కనే వేలాడ్తది, చెప్పేదేముంది. పరీక్ష మొదలైన కొంతసేపటికి కిందినుంచి షట్టర్ లేచిన చప్పుడు వినబడ్డది. మా షట్టరే. లేవొద్దు గనుక లేవలే. ఏ జవాబు ఎట్ల పెట్టిన్నో ఇప్పటికి సరిగ యాదికి లేదు. ముద్దతు మీద ప్రశ్న రానే రాలే.

అయిపోంగనే కిందికి ఉరికిన. బజారంత బంద్, ఒక్క మా దుకాణమే తెరిచి ఉంది. నాయిన గద్ది మీద కూసున్నడు. ముంగట ఏ కాగితం లేదు, జేబుల పెన్ను మాత్రం ఉంది. రోడ్డు మీద తమ్ముని ఆటో అడ్డంగ ఆగింది. అమాస నాడు మీ నాయిన దుకాణం తెరిచిండు, మనిషి బాగనే ఉన్నడా అని పక్క దుకాణమాయన ఫోన్ చేసిండంట. వాడు ఉరికొచ్చిండు. దుకాణం కడప కాడ నిలబడి, నాయిన ముంగట ఉండంగనే నన్ను అడిగిండు, ఏమైంది ఆయనకు అని.

నేను నోరు తెరిచే లోపల నాయిననే మాట్లాడిండు. "నాకేం కాలేదురా. ఆ దినం గూడ గిట్ల తెరిచి కూసుంటే నీ కాగితం ముద్దతు లోపల పోతుండె. తప్పు నాదే."

తమ్ముడు నాయిన దిక్కు చూసిండు. వాని కోపమంటే నాకు భయం, నా కోపంకంటే పెద్దది. గాని కోపం చెయ్యలే.

"ఇప్పుడు తెరిస్తే ఏమొస్తది నాయినా" అన్నడు.

"ఏం రాదు" అన్నడు నాయిన.

వాడు కడప దాటి లోపలికి వచ్చి సంచుల కట్ట మీద కూసున్నడు. నేను మంచినీళ్ళు ఇస్తే తాగిండు. కొంతసేపటికి పోతనాళకు లోడు ఉంది, పోవాలె అని నాయినకే చెప్పి లేచిండు. నాయిన తల ఊపిండు. ఆ దినం ఒక్క గిరాకీ రాలే. అయినా పొద్దుమూకే దాక నాయిన గద్ది దిగలే, షట్టర్ దించుతనంటే నన్ను దించనియ్యలే.