మామయ్యగారి రబ్బరు ప్యాంటు

పోయిన ఆదివారం పుప్పాలగూడలోని మా ఫ్లాటుకు మనవరాలి పేరున ఒక పెద్ద పార్శిలు వచ్చింది. ఆఫీసు స్నేహితులతో కలిసి చెరువులో గుర్రపుడెక్క తీయడానికని తెప్పించుకున్న, రొమ్ముదాకా వచ్చే రబ్బరు ప్యాంటు అది. హాల్లో తొడుక్కుని, కొలిచి కుట్టినట్టుందని ఆ పిల్ల మురిసిపోతుంటే, ఒకసారి గొంతుక్కూర్చుని లేవమన్నాను. సగంలోనే ఆగిపోయింది. ఇంకో సైజు తెప్పించుకో తల్లీ అని చెప్పి నా గదిలోకి వచ్చి కూర్చున్నానే గానీ, మనసు మాత్రం మా మామయ్యగారి దగ్గరికి వెళ్లిపోయింది.

అప్పటికి నేను కోస్తా నుంచి వచ్చి బాలానగర్‌లో ఒక రబ్బరు సామాన్ల కార్ఖానాలో కుదురుకున్న కొత్త అల్లుణ్ణి. మామయ్యగారికి ఈ చుట్టుపక్కలే చెరువు కింద పొలం, లైసెన్సు ఉన్న తుపాకీ ఉండేవి; చలికాలంలో ఉత్తరాది నుంచి వచ్చి దిగే బాతులంటే ఆయనకు పంచప్రాణాలు. వేట మీద నిషేధం రాని రోజులవి. తెల్లవారకముందే నడుములోతు నీళ్లలో, జమ్ము మధ్య దాక్కుని గంటలకొద్దీ ఉండీ ఉండీ ఆయన మోకాళ్లు పట్టేశాయి. ఇక చన్నీళ్లలో దిగితే నడక మీద ఆశ వదులుకోమని డాక్టరు చెప్పడంతో, అత్తయ్యగారు తుపాకీని పెట్టెలో పెట్టి తాళంచెవి కొంగున ముడేసుకున్నారు. ఆ యేడు బాతులు దిగాయన్న కబురు విన్నప్పటి నుంచి ఆయన అన్నం సయించక అరుగు మీదే కూర్చుండిపోయారు. ఆ అవస్థ చూడలేక, కాళ్లు తడవకుండా నీళ్లలో దిగే ప్యాంటు నేను చేసిస్తానని చెప్పి అత్తయ్యగారిని ఒప్పించాను.

అంతా బాగానే ఉంది గానీ కొలతలు తీసుకోవడం ఎలా? పిల్లనిచ్చిన మామగారి తొడల చుట్టూ టేపు పెట్టడానికి నాకు చచ్చేంత మొహమాటం, అల్లుడి ముందు అలా నిలబడటానికి ఆయనకు అంతకు రెట్టింపు. చివరికి అత్తయ్యగారు మా పెళ్లికి ఆయన కుట్టించుకున్న ప్యాంటు తెచ్చి నా చేతిలో పెట్టారు. ఎప్పుడూ పంచెకట్టే ఆయన, ఫోటో కోసం ఊపిరి బిగబట్టి ఒక్కపూట తొడుక్కున్న ప్యాంటు అది. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. దాని ప్రకారమే లారీ ట్యూబులు కోసి, అతికించి, అడుగున గమ్‌బూట్లు, భుజాలకు పట్టీలు తగిలించి, తొట్టిలో ముంచి ఒక్క బుడగ కూడా రాకుండా చూసి మరీ తెచ్చిచ్చాను.

చెరువులో దిగాక గానీ తెలియలేదు, అందులో ఉన్ని మేజోళ్లకు చోటు లేదు, మోకాలు వంగడానికి అసలే లేదు. జమ్ములో నక్కాల్సిన మనిషి గుంజలా నిలబడితే బాతులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన మాత్రం పొట్టచెక్కలయ్యేలా నవ్వి, "ఏంది అల్లుడా, నన్ను బాతుల కాడికి తోల్కొచ్చినవా, ఫోటోకు నిలవెట్టినవా?" అన్నారు. ఇంటికి రాగానే పెరట్లో పంచె ఎగ్గట్టి తనే గొంతుక్కూర్చుని, "ఇగ సిగ్గుపడకు, టేపు పట్టు" అన్నారు. మా ఇద్దరి మధ్య మొహమాటం ఆ పూటతో తీరిపోయింది. రెండోదాన్ని లోపల ఉన్ని బట్టలు పట్టేలా వదులుగా చేసి, గుంటలో కాలు పడినా నీళ్లు నిండి మనిషిని ముంచకుండా నడుముకు బెల్టు పెట్టాను. ఆ చలికాలమంతా మామయ్యగారు పసివాడైపోయారు.

తర్వాత నిషేధం వచ్చింది, తుపాకీ అప్పగించేశారు. అయినా చలి మొదలైతే చాలు, ప్యాంటు తొడుక్కుని ఉత్తచేతులతోనే దిగి, బాతులను చూస్తూ నిలబడేవారు. మరికొన్నేళ్లకు మోకాళ్లు పూర్తిగా మొండికేసి, చూపు కూడా మందగించాక, ఆయన దుప్పటి కప్పుకుని కట్ట మీద కూర్చుంటే నేను ఆ ప్యాంటుతో జమ్ములోకి వెళ్లేవాణ్ణి. "వచ్చినయా అల్లుడా?" అని ఆయన కేకేసేవారు. వచ్చాయండీ అని నేను అరిచేసరికి ఉన్నవన్నీ లేచిపోయేవి, ఆ రెక్కల చప్పుడు విని ఆయన తృప్తిగా నవ్వుకునేవారు.

ఇప్పుడు మా బాల్కనీలోంచి చూస్తే ఆ చెరువు సగమే మిగిలింది, చుట్టూ అద్దాల మేడలు లేచాయి. అయినా ఈ చలికాలం కూడా కొన్ని బాతులు దిగాయి. పొద్దున్నే వాటిని చూడగానే, వచ్చాయండీ అన్న మాట నోటిదాకా వస్తుంది. అడిగేవారే లేరు.