తట్టి తెరిచే గది

గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే బస్సులో పక్క సీటాయన నా లాప్‌టాప్ చూసి, ఏం పని చేస్తారని అడిగాడు. వెబ్‌సైట్లు తయారుచేస్తానని, ఈమధ్య వాటిని నా సర్వర్‌లోనే ఉంచి చూసుకుంటున్నానని చెప్పాను.

"అయితే మా పనిలాంటిదే. నేను మిర్చి కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్నండి. ఒక్కోసారి మనిషి పోతాడు, సరుకు ఉండిపోద్ది."

నా దగ్గరా అలాంటిదొకటి ఉందన్నాను. నా క్లయింటు, పిడుగురాళ్లలో ఫొటోగ్రాఫర్, నిరుడు పోయాడు. ఆయన సైటు తీసేయడానికి నాకు చేతులు రాలేదు.

"తెరిచేముందు తడుతున్నారా?" అన్నాడాయన.

నాకు అర్థం కాలేదు. ఆయన ముందు సీటు కడ్డీ మీద వేలి కణుపుతో మెల్లగా కొట్టి చూపించాడు.

"పోయినోళ్ల బస్తాలున్న గదిని మేం తట్టకుండా తీయమండి. లోపలున్నోళ్లు సర్దుకోవాలిగా."

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. యడ్లపాడులో దిగిపోయాడు.

అప్పట్నుంచి ఆ సైటు తెరిచేముందు నా గదిలో బల్ల మీద తడుతున్నాను. మా ఆవిడ ఎగతాళి చేస్తుంది.

మొన్న సాయంత్రం కూరగాయల సంచీతో గుమ్మంలోకి వచ్చానో లేదో, వంటింట్లోంచి ఆవిడ విసుక్కుంది.

"ఎంతసేపండీ ఆ బల్ల మీద కొట్టడం? తెరిచెయ్యొచ్చుగా."

నేనింకా చెప్పులు కూడా విడవలేదు.