పాలిచ్చే తల్లి జాకెట్ కొలత

1988 ఎండాకాలం. సూర్యాపేట బస్టాండు వెనక సందులో నాకు లేడీస్ టైలర్ దుకాణం ఉండేది. ఒకే గది. రెండు కాలి మిషన్లు, ఒక కటింగ్ బల్ల, మూలన కర్టెన్ కట్టిన చోటు. దాన్నే ట్రయల్ రూమ్ అని గొప్పగా చెప్పుకునేదాన్ని. నా చిన్నపిల్ల ఆ బల్ల కిందే పడుకునేది. అది ఏడిస్తే మిషన్ ఆపి పాలిచ్చి మళ్లీ తొక్కేదాన్ని. "పనీ పిల్లలూ రెండూ ఎట్ల సంభాళిస్తవమ్మా" అని ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్లు మండేది. బల్ల కింద చోటుంది కాబట్టి సంభాళించాను, అంతే. ఆ చోటు లేని మనిషి సంగతి ఇది.

సుగుణ కోదాడలో ఒక ఆఫీసులో టైపిస్టు. టెంపరరీ ఉద్యోగం. భర్త మిర్యాలగూడ రైసు మిల్లులో గుమాస్తా, ఆదివారాలు వచ్చిపోయేవాడు. సూర్యాపేట ఇంట్లో అత్త వెంకటమ్మ, నాలుగు నెలల ఆడపిల్ల. సుగుణ పొద్దున్నే పిల్లకు పాలిచ్చి కోదాడ బస్సు ఎక్కితే సాయంత్రం దిగేది. మనిషికి శుభ్రం ఎక్కువ. ఇస్త్రీ చీర, దానికి మ్యాచింగ్ జాకెట్, చెదరని జడ. ఒకరోజు గుడ్డ ముక్క తెచ్చింది.

"బోట్ నెక్ పెట్టక్కా. హుక్కులు ఎనక పెట్టు."

బోట్ నెక్ అంటే ఈ భుజం నుంచి ఆ భుజం దాకా మూసి ఉండే మెడ. అప్పట్లో అదే ఫ్యాషన్.

"పాలిచ్చేదానివి, ఎనక హుక్కులేందే?" అన్నాను. నా నోరు అట్లాంటిది.

ఆమె కర్టెన్ లోపలికి వచ్చి పైట జరిపి చూపించింది. పాలు కారి జాకెట్ మీద రెండు పెద్ద మరకలు, చుట్టూ ఎండిపోయిన తెల్లటి అంచు.

"ఫైలు పట్టుకొని సార్ ముంగట నిలవడ్డ. ఆయన ముక్కు మూసుకున్నడు. ఇంట్ల కూసోక ఎందుకొచ్చినవమ్మా అన్నడు. నన్ను పర్మనెంట్ చేసేది ఆయననే. ఆఫీసుల నేను బాలింత లెక్క కనవడొద్దక్కా. ఇంటికి పోంగనే పిల్లకు పాలియ్యాలె. రెండూ అయ్యేటట్టు కుట్టు."

మా పనిలో చాలామంది ఆది జాకెట్ ఇచ్చి పోతారు, అంటే కొలతకని ఒక పాత జాకెట్. పాలిచ్చే తల్లికి అది పనికిరాదు. పాలు నిండినప్పుడు ఒక కొలత, పిల్ల తాగిన తర్వాత ఇంకో కొలత. సుగుణకు రెండు పూటలా టేపు పెట్టి చూసి, ప్రిన్సెస్ కట్ వేశాను. అందులో కుట్టు చంక దగ్గర మొదలై ఛాతీ మీదుగా నిలువుగా కిందికి దిగుతుంది. ఆ కుట్టు మడతలో పైకి కనబడకుండా ప్రెస్ బటన్లు పెట్టాను. పాలు పీల్చుకోవడానికి లోపల పాత ధోతి రెండు పొరలు. బయటి నుంచి చూస్తే సినిమా జాకెట్, లోపల తల్లి జాకెట్. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

వారం గడిచాక ఒక సాయంత్రం బస్సు దిగి నేరుగా నా దగ్గరికే వచ్చింది. ఒక స్టీలు గ్లాసు అడిగి కర్టెన్ వెనక్కి పోయింది. కాసేపటికి గ్లాసు నిండా పాలతో బయటికొచ్చి, మోరీలో పారబోసింది.

"అదేం పని?" అన్నాను.

"మా అత్త ఒప్పుకోదక్కా. ఎండన పడి వచ్చినోల్ల పాలు వేడి పాలంట, పిల్లకు పడవంట. పిండి పారవోసి, తానం జేసి, పానం సల్లవడ్డంకనే ఇయ్యాలెనంట. గంట పడ్తది. అంతల ఆమె డబ్బా పాలు తాపి పండవెడ్తది. గీడనే పారవోస్తే, పోంగనే తానం జేసి పిల్లను తీసుకుంటా."

"పారవోసినంక ఇయ్యనీకె ఏముంటది?"

"ఉన్నకాడికి," అంది.

అట్లా రోజూ వచ్చేది. పిల్ల రెండు గుటకలు తాగి ఏడ్చేది. తల్లికి పాలు చాలడం లేదని వెంకటమ్మ ఇంకో సీసా కలిపేది. ఆ ఎండల్లో బోరింగు నీళ్లతో కలిపిన సీసా పూటంతా ఇంట్లో అట్లాగే ఉండేది.

వెంకటమ్మ ఒకసారి లంగా కుట్టించుకోవడానికి వస్తే వదల్లేదు. "నేను ఎండల నడిచొచ్చి నా పిల్లకు ఇస్తలేనా? దానికేమైంది?" అని అడిగాను.

"నువ్వు నీడపట్టున కూసుంటవ్ బిడ్డా," అంది ఆమె మెల్లగా. "నా తొల్సూరు కొడుక్కు నాట్లకాడికెల్లి వచ్చి పాలిచ్చిన. ఆ రాత్రే కక్కుకొని సచ్చిపోయిండు. మల్ల గా తప్పు సేస్తనా?"

ఆమె గయ్యాళి అత్త అయితే నాలుగు దులిపేదాన్ని. భయానికి ఏం చెప్పను?

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం సుగుణ ఎప్పటిలాగే వచ్చి గ్లాసుకు చెయ్యి చాపింది. కబురు అప్పటికే నా దగ్గరికి వచ్చింది, ఆమెకు చేరలేదు.

"గ్లాసు వద్దు. పిల్లకు వాంతులు, ఇరోచనాలు. దవాఖానల సెలైన్ ఎక్కిస్తున్నరు, పద," అన్నాను.

దుకాణం తెరిచే వదిలి ఆమెతో పరుగెత్తాను. పిల్ల కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. సుగుణ అడుగుతూనే ఉంది, "పాలియ్యొచ్చా సిస్టరమ్మా, ఇప్పుడియ్యొచ్చా" అని. ఇవ్వమనే అన్నారు. పిల్లకు నోరు పట్టే శక్తి లేదు. తెల్లారేసరికి చనిపోయింది.

టెంపరరీ ఉద్యోగానికి సెలవు ఎక్కడిది? పదిరోజులు కాకముందే సుగుణ మళ్లీ కోదాడ బస్సు ఎక్కింది. ఆ వారంలోనే నా దుకాణానికి వచ్చింది. అప్పుడు మా వీధి ఆవిడ ఒకామె జాకెట్ గుడ్డ ఇస్తూ కూర్చుని ఉంది. సుగుణ లోపల అడుగుపెట్టగానే గదంతా మల్లెపూల వాసన కమ్మింది.

ఆ ఆవిడ నా వైపు వంగి, వినబడేటట్టే అంది, "బిడ్డ పోయి పదొద్దులు గాలే. పూలు, స్టైలు. ఏం తల్లో."

సుగుణ కర్టెన్ వెనక్కి పోయింది. నేను టేపు తీసుకుని వెనకే వెళ్లాను. జడలో పూలు లేవు. జాకెట్ విప్పితే ఛాతీకి చుట్టూ పాతగుడ్డతో బిగించి కట్టిన మల్లెపూల దండలు. వాడి, తడిసి, చర్మానికి అంటుకుపోయి ఉన్నాయి. పాలు ఆగిపోవాలని మా వైపు ఆడవాళ్లు అట్లా కడతారు.

"మా అత్తనే పొద్దుగాల్ల అల్లి కడ్తున్నది," అంది. "ఏడ్సుకుంటనే కడ్తున్నది. అయినా వస్తనే ఉన్నయక్కా. ఆఫీసుల అందరు నా జడ దిక్కు సూస్తున్నరు, వాసన యాడికెల్లి వస్తున్నదని. వాసన బైటికి రాకుంట కుట్టరాదు?"

మరకలు కనబడకుండా కుట్టాను. బటన్లు కనబడకుండా కుట్టాను. దీనికి నా దగ్గర ఏ కుట్టూ లేదు. "రాదు బిడ్డా," అన్నాను. నాకూ ఏడుపు ఆగలేదు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని బయటికి వచ్చి, ఆ వీధి ఆవిడ గుడ్డ మడతపెట్టి చేతికిచ్చేశాను. "ఏమైంది?" అని అడిగింది. కారణం చెప్పలేదు. సుగుణ దాచుకున్న సంగతి చెప్పే హక్కు నాకు లేదు.

ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్లు కుట్టాను. ఉద్యోగానికి పోయే ఆడమనిషి ముస్తాబు చూసి ఆమె ఎట్లాంటి తల్లో తేల్చేసేవాళ్లు ఎందరో ఆ గుమ్మం ఎక్కారు. వాళ్ల గుడ్డ నేను ముట్టుకోలేదు. ఆ గిరాకీ పోతే పోయింది.