కిటికీ వైపు వరుస

మొన్న ఆదివారం ఎల్బీనగర్ నుంచి పాత మిత్రుడు ఫోన్ చేశాడు. వాళ్ళబ్బాయి ఆడే గేమ్ మధ్యలో దానంతటదే మూసుకుపోతోందట, ఎవరికి చూపించినా నయం కాలేదట, ఒకసారి వచ్చి చూడమన్నాడు. ఇన్నేళ్ళ తరువాత నన్ను పిలవడానికి వాడికి ఆ జబ్బే దొరికినందుకు ఒళ్ళు మండింది.

ఉద్యమం రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల వెనక సందులో మేమిద్దరం గేమ్ సెంటర్ నడిపాం. వాడిది నల్లగొండ దగ్గర పల్లె, మాది గుంటూరు వైపు. రోజూ వన్ బై టూ చాయ్‌తోనే షట్టరు లేచేది. బంద్ రోజున మీరంతా ఇళ్ళలో టీవీ ముందు కూర్చుని ఉంటారు గానీ, మాకు మాత్రం సగం షట్టరు దించినా హాస్టల్ కుర్రాళ్ళతో కిటకిటలాడే రోజది. మొదట్లో హాస్టళ్ళ మధ్య జరిగే పోటీలు పోనుపోను ఇటువాళ్ళకూ అటువాళ్ళకూ మధ్య పోటీలయ్యాయి. కిటికీ వైపు వరుసలో, పాత కంప్యూటర్ల ముందు, తెలంగాణ కుర్రాళ్ళు కూర్చునేవారు. అవి నెమ్మదని వాళ్ళు గొణిగితే, మనోళ్ళు ఓడిపోతున్నరు, జర స్పీడు పెంచమని మావాడే నన్నడిగాడు. బయోస్ అనే ఆ నీలం తెరలోకి వెళ్ళి ప్రాసెసర్ వేగం పెంచుతుంటే పక్కనే నిలబడి ఇంకాస్త, ఇంకాస్త అన్నాడు.

ఎండలు ముదిరాక ఒక బంద్ రోజున, సరిగ్గా వాళ్ళు గెలవబోతుండగా గేమ్ మూసుకుపోయింది. మళ్ళీ పెట్టినా అంతే. గేమ్ తీసి మళ్ళీ వేశాను, ర్యామ్ మార్చాను, చివరికి, పెంచిన వేగానికి కిటికీ ఎండ తోడై వేడెక్కుతున్నాయేమోనని, అందరి ముందే ఆ నీలం తెర తెరిచి వేగం తగ్గించాను. నిక్షేపంగా నడిచింది. తప్పు దొరికిందని నేను సంబరపడుతుంటే, వాళ్ళకు దొంగ దొరికాడు. ఆంధ్రోడు కావాలనే మా కంప్యూటర్లు చెడగొట్టిండని ఒకడు లేచాడు. నేను మావాడి వైపు చూశాను. వాడు ఒక్క మాట చెబితే చాలు.

“నాకేం తెల్వదు. గా సెట్టింగులన్నీ వాడే చూస్తడు,” అన్నాడు వాడు, గోడ వైపు తిరిగి.

ఎవరూ నా మీద చెయ్యి వెయ్యలేదు. వేసినా అంత బాధపడేవాణ్ణి కాదేమో. ఆ కుర్రాళ్ళ కోపానికి వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. మావాడి భయమూ నాకు అర్థమైంది, క్షమించడమే చేతకాలేదు. ఆ వారమే తాళాలు వాడి చేతిలో పెట్టి వచ్చేశాను.

మొన్న వెళ్ళాను, ఇప్పటికైనా ఆ రోజు సంగతి ఎత్తుతాడేమోనన్న ఆశతో. కొత్త కంప్యూటర్‌లోనూ అదే రోగం, వేగం తగ్గిస్తే కుదురుకుంది. రాష్ట్రం వచ్చింది, మెట్రో వచ్చింది, కుర్రాళ్ళు ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ముఖం తెలియనివాళ్ళతో ఆడుతున్నారు, పక్క వరుసలో ఎవరున్నారన్న గొడవే లేదు. మావాడు చాయ్ నా చేతికిచ్చి, కొడుకు భుజం మీద చెయ్యి వేసి నన్ను చూపించాడు.

“మా షాపుల సెట్టింగులన్నీ వీడే చూసేటోడురా.”

మావాడికి ఆ రోజు గుర్తే లేదు. ఊరంతా ఇంత మారినా వాడి నోట ఆ మాట మాత్రం అలాగే ఉంది. ఈసారి మెచ్చుకోలుగా అన్నాడు కాబట్టి నవ్వి ఊరుకోవలసి వచ్చింది.