మగ్గాల ఇంట్లో తల ఊపడం

ఆ రోజు మగ్గం ఆపి నీళ్ళు తాగబోతే దగ్గు తెర వచ్చి చెంబు చేతిలోంచి జారింది. మాది బెంగళూరు దగ్గర దొడ్డబళ్ళాపురం, ఇంట్లోనే పవర్‌లూమ్‌లు. నేసేవాడికి దగ్గు కొత్త కాదు, నూలు దుమ్ము అనుకున్నాను. సాయంత్రం జ్వరం, చెమటలు, వదులైపోతున్న చొక్కాలు, అన్నిటికీ ఏదో ఒక కారణం చెప్పుకున్నాను.

మా అమ్మాయి శిరీష పట్టుబట్టి బెంగళూరు ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఎక్స్‌రే, కఫం పరీక్ష చేసి టీబీ అన్నారు. శిరీష మందుల కౌంటర్ దగ్గర ఉండగా డాక్టర్ మాస్కులోంచే చాలాసేపు చెప్పారు. నేను తల ఊపుతూ కూర్చున్నాను.

మగ్గాల ఇళ్ళలో ఇది అలవాటు. ఆ మోతలో మాట వినబడదు. ఎవరేం చెప్పినా ముందు తల ఊపేస్తాం, మగ్గం ఆగాక అడగొచ్చులే అని. పైగా నా చెవులు ఎప్పుడో మందగించాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

మాత్రలకు మూత్రం ఎర్రగా వచ్చేది, అన్నం సహించేది కాదు. దగ్గు తగ్గగానే మానేశాను. కోర్సు అయిపోయిందని శిరీషతో అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను. కొన్నాళ్ళకు కఫంలో నెత్తురు పడితే మళ్ళీ అదే ఆసుపత్రికి వెళ్ళాం.

"తగ్గినా ఆపొద్దని చెప్పాను. తల ఊపారు కదా," అని డాక్టర్ కోప్పడ్డారు. ఫీల్డ్‌వర్క్‌కు వచ్చిన సోషల్ వర్క్ విద్యార్థిని ఒకామె స్టూలు నా ఎదుటికి లాక్కుంది. డాక్టర్ ఏం చెప్పారో నన్నే చెప్పమంది. చెప్పలేకపోయాను. ఒక్కో మాటా గట్టిగా చెప్పి, నా చేత తిరిగి చెప్పించింది. చెవి పరీక్షకూ పంపించింది. శిరీష గోడకానుకుని అంతా చూస్తూ ఉంది.

"రెసిస్టెన్స్ లేదు, మందులు ఇంకా పనిచేస్తాయి, అదృష్టవంతులు," అన్నారు డాక్టర్. మళ్ళీ మొదటినుంచి కోర్సు. ఈసారి పూర్తి చేశాను.

ఆ ఏడే శిరీష డిగ్రీ అయింది. కెమిస్ట్రీ ఎమ్మెస్సీ సీటు వచ్చినా వదులుకుని ఎమ్మెస్‌డబ్ల్యూలో, అంటే సోషల్ వర్క్ కోర్సులో, చేరింది. బంధువులు ఎందుకని అడిగితే నా జబ్బు బయటపడుతుందని భయపడి, "మార్కులు రాలేదప్పా, ఇంకేం సీటు దొరకలా," అన్నాను. ఆ మాటే పాకింది. ఒక పెళ్ళిలో ఎవరో పాపం సీటు దొరకలేదట అని శిరీష ఎదుటే జాలి పడ్డారు.

ఇంటికొచ్చి మగ్గాలు ఆపించి నా ఎదుట కూర్చుంది. "చెప్పేటోళ్ళు చానామంది ఉండారు నాయనా. ఎదుటోళ్ళకి అర్థమయిందా అని అడిగేటోళ్ళే లేరు. ఆసుపత్రిలో ఆ యమ్మ నిన్ను అడిగింది. నేనూ ఆ పని చేయాల. సీటు దొరక్క కాదు."

నేను తల ఊపాను.

"ఊపొద్దు. తిరిగి చెప్పు," అంది.

చెప్పాను. అవే మాటలు, నా టీబీ సంగతితో సహా, బంధువుల ఇళ్ళకు వెళ్ళి చెప్పివచ్చాను. ఇక్కడ రాస్తున్నదీ అందుకే. సోషల్ వర్క్‌కు వచ్చే పిల్లలంతా దారిలేక వచ్చినవాళ్ళు కారు. మా శిరీష అయితే కళ్ళారా చూసి ఎంచుకుంది.

ఇప్పుడు చెవికి మిషన్ పెట్టుకుని మగ్గం దగ్గరే ఉంటున్నాను. శిరీష ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. మీకు చెప్పేది ఒక్కటే. డాక్టర్ మాట ముగించగానే తల ఊపి లేచి రాకండి. విన్నది ఆయనకే తిరిగి చెప్పండి. చెప్పలేకపోతే, ఇంకోసారి అడిగి లేవండి.