నాయన ప్రార్థన పొడుగైన రోజులు

పోయిన నెల నంద్యాలలో ఒక ఆసుపత్రి మేడమీద గదిలో, గోడవారగా వేసిన ప్లాస్టిక్ కుర్చీలో నేను కూర్చుని ఉండగా, బల్ల వెనక ఉన్న పెద్దాయన కళ్లజోడు సర్దుకుని మా అక్క ఫైలులోంచి ఒక వాక్యం పైకి చదివారు. ఇంట్లోవాళ్లు భోజనంలో మందు కలుపుతున్నారన్న భ్రమ, చాలాకాలంగా ఉన్నది, అని. ఆయన రిటైరైన జడ్జి. ఆయనకు ఒక పక్క మానసిక వైద్యుడు, ఇంకో పక్క సంఘసేవ చేసే ఒక ఆవిడ కూర్చున్నారు. మనసు బాగాలేక ఆసుపత్రిలో చేరినవాళ్లు తమను బలవంతంగా ఉంచారనో, వద్దన్నా మందు ఇస్తున్నారనో మొరపెట్టుకుంటే వచ్చి వినడానికి కొత్త చట్టం పెట్టిన బోర్డు అది. అరవై ఎనిమిదేళ్ల మా అక్క వాళ్ల ఎదుట చేతులు ఒళ్లో పెట్టుకుని, పరీక్షకు కూర్చున్న బడిపిల్లలాగా కూర్చుని ఉంది. తనకు సూది వద్దని, పెద్దవాళ్లెవరైనా వచ్చి తన మాట వినాలని నర్సు చేత కాగితం రాయించింది తనే.

ఆ వాక్యం నాకు కొత్త కాదు. నలభై ఏళ్ల కిందట అది పుట్టిన చోట నేనూ ఉన్నాను. ఒక డాక్టరు సర్టిఫికెట్టులో మొదలై, సర్కారు పెద్దాసుపత్రి కేసు షీటులోకి ఎక్కి, అక్కడినుంచి ప్రతి కొత్త డాక్టరూ పాత కాగితం చూసి కొత్త కాగితం మీదికి ఎక్కించుకుంటూ రాగా, ఇప్పుడు కంప్యూటరులో కూడా చేరింది. దానిమీదే ఆ పూట అంతా ఆధారపడి ఉందని నాకు అర్థమైంది. అది భ్రమే అయితే అక్కకు తన మంచిచెడ్డలు తెలియవని తేలుస్తారు, తను వద్దన్న మాట చెల్లదు, సూదులు సాగుతాయి. నేను కుర్చీలోంచి లేచాను. లేచి ఏం చెప్పానో చెప్పే ముందు, మీలో నా ఈడువాళ్లు కాస్త ఓపికపడితే, ఆళ్లగడ్డలోని మా పాత ఇంటి వంటగదిలోకి ఒకసారి పోయి రావాలి.

మా నాయన బడి అయ్యవారు. మా ఇంట్లో ప్రార్థన చేయకుండా కంచంలో చెయ్యి పెట్టడమన్నది లేదు, జ్వరమొచ్చినా సరే, చుట్టాలొచ్చినా సరే. అమ్మ సంగటి కెలికి, చెయ్యి తడి చేసుకుని ముద్దలు కట్టి, ఒక్కొక్క ముద్ద నడుమ బొటనవేలితో గుంట చేసి అందులో నెయ్యి వేసేది. పక్కన గోంగూర. నలుగురం పీటలమీద కూర్చుని కళ్లు మూసుకుంటే నాయన నాలుగే నాలుగు మాటల్లో దేవుడికి కృతజ్ఞత చెప్పి, ఆమెన్ అనేవాడు. ఆకలిమీద ఉన్న పిల్లల్ని దేవుడు కూడా కాచుకోబెట్టడు అనేవాడు ఆయన. ఈ మాట గుర్తుంచుకోండి, కథంతా దీనిమీదే ఉంది.

అక్క నాకంటే నాలుగేళ్లు పెద్ద. టీచరు ట్రైనింగు చేసి, నాయన బడిలోనే చిన్న తరగతులకు చెప్పేది, చర్చిలో ఆడపిల్లల పాటలకు తనే ముందు గొంతు. ఇరవై ఎనిమిదో ఏట ఏమైందో ఏమో, నిద్ర పట్టకుండా పోయింది. గోడ అవతలినుంచి ఎవరో తన పేరు పిలుస్తున్నారని లేచి నిలబడేది, నల్లబల్ల మీద రాసింది తుడిచి మళ్లీ రాసి మళ్లీ తుడిచేది. నాయన బస్సులో నంద్యాల తీసుకుపోయి డాక్టరుకు చూపించాడు. ఆయన చిన్న తెల్ల మాత్రలు రాశాడు. అక్క వాటిని నాలుక కింద పెట్టుకుని పెరట్లో ఊసేసేది.

అప్పుడే నేను నర్సు ట్రైనింగు పూర్తిచేసి ఆళ్లగడ్డకు దగ్గర్లో ఒక ఊరి ఆసుపత్రిలో కొత్తగా చేరాను. నాకంతా తెలుసన్న పొగరు ఎంత ఉండేదంటే, ఇప్పుడు తలుచుకుంటే నామీద నాకే కోపమొస్తుంది. మాత్రను రెండు చెంచాల నడుమ నలిపి పొడి చేస్తే సంగటి గుంటలో, నెయ్యిలో కలిసిపోతుందని, గోంగూర పులుపుకు చేదు తెలియదని అమ్మకు నేర్పింది నేనే. అమ్మకు చేతులు వణికేవి కాబట్టి వేసే పని కూడా నేనే తీసుకున్నాను. ఎప్పుడు వేసేది? అందరం కళ్లు మూసుకున్నప్పుడు. నా చెంగు ముడిలో పొడి ఉండేది. నేను ముడి విప్పి, వేసి, నెయ్యిలో వేలితో కలిపి, మళ్లీ చేతులు జోడించేదాకా నాయన ప్రార్థన సాగదీసేవాడు. నాలుగు మాటలు కాస్తా పద్నాలుగు అయ్యాయి, చివరికి జబ్బుపడిన ఊరివాళ్లందరి పేర్లూ అందులోకి వచ్చి చేరాయి.

అక్కకు మనసు చెదిరింది గాని తెలివి ఎక్కడికీ పోలేదు. ఒకరోజు మధ్యాహ్నం ఆమెన్ అయ్యాక ముద్ద ముట్టకుండా నాయన మొహంలోకి చూసి, "నీ ప్రార్థన పొడుగైంది నాయనా, ఏందీ?" అంది. అక్క తన కంచం నా ముందుకు జరిపి, నా కంచం తను తీసుకుంది. "ఈ పొద్దు నా ముద్ద నువ్ తిను."

తినకపోతే దొరికిపోతాం. అమ్మ నాకేసి చూస్తోంది, నాయన నేలకేసి చూస్తున్నాడు. నేను తిన్నాను. ఆఖరి మెతుకు దాకా, గోంగూర బాగుందని కూడా అంటూ తిన్నాను. గంట తిరగకముందే కళ్లు మూతలు పడ్డాయి, సాయంత్రానికి మెడ ఒక పక్కకు లాగేసింది, నాలుక నోట్లో కర్రముక్కలాగా అయిపోయింది. అక్క తడిగుడ్డ తెచ్చి నా మెడమీద వేసి, పక్కనే కూర్చుని మెల్లగా నిమిరింది. కోపంగా కూడా లేదు. "నాకు రోజూ ఇట్లే ఉంటాది, చూడు" అంది. ఆ మరుసటి రోజునుంచి మా ఇంట్లో అన్నం మానేసింది, ప్రార్థనలో కళ్లు మూయడం మానేసింది.

తిండీ మందూ రెండూ లేక నెల తిరిగేసరికి మనిషి పుల్లయిపోయింది. ఒక ఉదయం ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి నంద్యాల పోయి, స్టేషను దాటాక రైలు పట్టాల మీద కూర్చుంటే, లైను చూసుకుంటూ వస్తున్న గ్యాంగ్‌మన్ రెక్క పట్టి ఇవతలికి లాగాడు. ఆ తరువాత నాయన ఇద్దరు డాక్టర్ల సర్టిఫికెట్లు తీసుకుని ఆళ్లగడ్డ కోర్టులో పిటిషను వేశాడు. మేజిస్ట్రేటు రిసెప్షన్ ఆర్డరు అనేది ఒకటి ఇస్తే, ఆ మనిషిని సర్కారు మానసిక వైద్యశాలలో పెట్టుకునేవాళ్లు. ఒకసారి అందులోకి పోయాక ఏ సూది, ఏ మాత్ర, నీకు ఇష్టమేనా అని అడిగే ఆచారం అప్పట్లో లేదు.

ఆ ఉదయం కోర్టుకు నడిచిపోతూ నాయన నా పక్కకు వచ్చి, ఎన్నడూ లేనిది, నన్ను బతిమాలుకున్నట్టు మాట్లాడాడు. "మందు ఇంట్లోనే ఇస్తాండామని తెలిస్తే ఈడనే ఉండనీమంటారమ్మా. ఈ పొద్దు పంపకపోతే దాన్ని రేపు పట్టాల మీద ఏరుకోవాల." నేను సరేనన్నాను. చెప్పొచ్చేదేమంటే, ఆయన అబద్ధం చెప్పమనలేదు. ఆ ఆఖరి మెట్టు నేనే ఎక్కాను.

మేజిస్ట్రేటు మంచివాడు. జనం ముందు ఎందుకని తన గదిలోకే పిలిపించుకుని, అక్కను కూర్చోబెట్టి, నీళ్లు ఇప్పించి అడిగాడు. అక్క ఇస్త్రీ చీర కట్టుకుని, జడ వేసుకుని, బడిలో పాఠం చెప్పినంత శుభ్రంగా చెప్పింది. "నాకు పిచ్చి ఉంటే ఉండొచ్చు సార్, లేదనను. అన్నంలో మందు కలపతాండేది కూడా నిజమే. రెండూ నిజమే సార్." ఎలా తెలుసునని ఆయన అడిగితే, మా నాయన ప్రార్థన పొడుగైంది, దాన్నిబట్టి తెలిసింది అంది. గుమాస్తా తల వంచుకుని నవ్వు ఆపుకున్నాడు. మేజిస్ట్రేటు డాక్టరు కాగితంకేసి ఒకసారి చూసుకున్నాడు, అందులో రాసింది ఇదే గదా అన్నట్టు. అక్కకు ఆ చూపు అర్థమైంది. "మా చెల్లెల్ని అడగండి సార్. నా ముద్ద తిని అది పడిపోయింది. అది అబద్ధం చెప్పదు."

దేవుని ఎదుట నిజం చెప్తానని నా చేత అనిపించారు. ఆయన అడిగాడు, భోజనంలో ఏమైనా కలిపేవాళ్లా అమ్మా అని. కిటికీ అవతల ఎవరిదో సైకిలు బెల్లు మోగింది. అక్క నాకేసి ఎంత నమ్మకంగా చూస్తోందంటే, ఆ చూపు ఇప్పటికీ నా మీదినుంచి దిగలేదు.

"లేదు సార్" అన్నాను.

అక్క ఏడవలేదు, అరవలేదు. చూపు నా మీదినుంచి తీసి తన చేతులమీద పెట్టుకుంది. ఆర్డరు రాయడానికి ఎంతోసేపు పట్టలేదు.

అక్క ఆ పెద్దాసుపత్రిలో ఎనిమిది నెలలు ఉంది. మొదటి వారాల్లో నలుగురు పట్టుకుని సూది వేసేవాళ్లని ఒకే ఒకసారి, ఒకే వాక్యంలో చెప్పింది. నేనూ నర్సునే కాబట్టి ఆ పట్టుకునే చేతులు ఎలా ఉంటాయో నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. తిరిగి వచ్చేసరికి నిద్ర వచ్చింది, గోడ అవతలి పిలుపులు తగ్గాయి, కొన్నాళ్లకు మళ్లీ బడికి పోయింది. ఆ ఆసుపత్రి మా అక్కను బతికించింది, ఆ మాట దాచను. నా అబద్ధం మంచిదా చెడ్డదా అని నలభై ఏళ్లు నాలో నేను వాదించుకున్నాను, ఏ రోజూ తీర్పు రాలేదు.

కాని అక్క మళ్లీ నా చేతి వంట తినలేదు. వంటగది మూలలో తనకు వేరే పొయ్యి, వేరే గిన్నె పెట్టుకుంది. నా పెళ్లి విందులో అరటిపండు ఒకటి తనే వొలుచుకుని తింది. తొక్క ఉన్నవైతే నా ఇంట్లో తినేది, ఉడికించిన గుడ్డు, బత్తాయి, కాల్చిన చెనక్కాయలు. నా పిల్లలు పెద్దమ్మకు పండ్లంటే ఇష్టమని అనుకుంటూ పెరిగారు. నేను కూడా అవునని చెప్పాను. అమ్మా నాయనా పోయాక నంద్యాలలో మా ఇంటి పక్క వాటాలోనే ఉంటూ వచ్చింది, పండుగకూ జబ్బుకూ ఒకరికొకరం తోడు. ఆ ఒక్క మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు. మొన్నామధ్య మళ్లీ మాత్రలు ఆపేసి, నిద్ర పోగొట్టుకుని, మూడు రోజులు తలుపు తీయకపోతే ఆసుపత్రిలో చేర్పించింది నేనే, మళ్లీ నేనే.

అదుగో, అందుకని ఆ రోజు లేచాను. ఆ ఫైలులో రాసింది తప్పు సార్, అది భ్రమ కాదు, మందు కలిపింది నేనే, సంగటి గుంటలో నెయ్యిలో, మా నాయన ప్రార్థన చేస్తుండగా, కోర్టులో అడిగితే లేదని అబద్ధం చెప్పింది కూడా నేనే, అని మొదలుపెట్టి ఆగకుండా చెప్పేశాను. ఇప్పుడు కలపడం లేదని, పొయ్యే వేరని కూడా చెప్పాను. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. బోర్డులోని సంఘసేవ ఆవిడ నీళ్లు ఇవ్వబోతే అక్క చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"చెప్పనీయండి. నలభై ఏండ్లు పట్టింది దానికి" అంది.

జడ్జిగారు కళ్లజోడు తీసి ఫైలు మీద పెట్టారు. తరువాత అక్కనే అడిగారు, మందు అవసరం లేదంటావా అమ్మా అని. అక్క ఆలోచించి చెప్పింది. "అవసరమే సార్. పేరు చెప్పి, నా చేతిలో పెట్టండి. నేనే మింగుతా. పట్టుకొని ఎయ్యొద్దు." డాక్టరు తల ఊపాడు. సూది ఆపి మాత్ర ఇవ్వాలని, అక్క ఎదుటే పేరు చెప్పి ఇవ్వాలని, రెండు వారాల తరువాత మళ్లీ చూస్తామని రాశారు. పాత వాక్యం పక్కన ఇది భ్రమ కాదు, నిజంగా జరిగిందని తేలింది అని రాసి, తెలుగులో చదివి వినిపించి, అక్క చేత సంతకం పెట్టించారు. అయ్యవారి కూతురు గదా, అక్షరాలు ఇప్పటికీ నల్లబల్ల మీద రాసినట్టే గుండ్రంగా ఉన్నాయి.

ఎంత మారిందో చూడండి. ఆ కాలంలో మంచి మనుషులే ఒకచోట చేరి, ఒక మనిషిని బతికించడానికి ఆ మనిషి మాటను తీసి పక్కన పెట్టేవాళ్లం, అది తప్పని మాకు తోచనైనా లేదు. ఇప్పుడు మాత్ర అరచేతిలో పెట్టి పేరు చెప్తున్నారు. ఈ చట్టం నలభై ఏళ్ల ముందు వచ్చి ఉంటే నేను ఆ గదిలో అబద్ధం ఆడాల్సిన అవసరం వచ్చేది కాదేమో, లేక అప్పుడూ ఆడేదాన్నేమో, చెప్పలేను. నాయన ఉంటే అడగాలని ఉంది, ఆయనకూ ఆ ప్రార్థనలు నిద్రలో వినబడేవా అని.

అక్క ఇంటికి వచ్చి వారమైంది. నిన్న మధ్యాహ్నం సంగటి కెలుకుతుంటే తనే నా వంటగదిలోకి వచ్చి పీట వేసుకుంది. ముద్ద కట్టి, గుంట చేసి, నెయ్యి వేసి తన ముందు పెట్టాను. ప్రార్థన తనే చేసింది, నాయన పాత రోజుల్లో చేసినట్టు నాలుగు మాటల్లో, కళ్లు తెరుచుకునే. నేనూ తెరిచే ఉంచాను. తరువాత ముద్దను నడుమకు విరిచి సగం నా కంచంలో పెట్టి, తిను అన్నట్టు చూసింది. నేను తిన్నాను. నేను మింగేదాకా చూసి, అప్పుడు తన సగం తింది.